అమెరికా పబ్లిక్ లైబ్రరీలో మొహమాటం వద్దు, అడగండి

పుస్తకాలన్నీ ఫోనులోనే దొరుకుతున్న ఈ రోజుల్లో పనిగట్టుకొని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లవలసిన అవసరం ఏముందని అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు పాఠకులు తరచుగా అడుగుతుంటారు. చదివే అలవాటున్న వారెవరైనా ఇల్లు కుదిరిన వారంలోపే లైబ్రరీ కార్డు తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఇక్కడి లైబ్రరీ పాఠకుడు అడిగినదాన్ని పట్టించుకుంటుంది, దాని కోసం వెతుకుతుంది, అవసరమైతే కొంటుంది. మనవాళ్లలో చాలామంది మాత్రం అలమరలో కనబడిన పుస్తకాలతోనే సరిపెట్టుకొని, అడగడానికి మొహమాటపడి, ఆ సదుపాయంలో చాలా భాగాన్ని వదులుకుంటున్నారు.

ఆ మొహమాటానికి మూలం ఇదంతా ఎవరో ఉచితంగా చేస్తున్న ఉపకారమనే భావన కావచ్చు. నిజానికి ఇది పన్నుల సొమ్ముతో నడిచే సంస్థ. 1833లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పీటర్‌బరో అనే చిన్న పట్టణం ప్రజాధనంతో అందరికీ ఉచితంగా పుస్తకాలిచ్చే లైబ్రరీని ఏర్పాటు చేసుకుంది. 1854లో బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ పాఠకులకు తలుపులు తెరిచింది. ఆ తరువాత ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన ధనంతో ఈ దేశంలో 1,600కు పైగా లైబ్రరీ భవనాలు లేచాయి. అయితే స్థలం ఊరే ఇవ్వాలనీ, ఏటేటా నిర్వహణ ఖర్చు ఊరే భరించాలనీ ఆయన షరతు పెట్టాడు. ఈనాటికీ ఈ లైబ్రరీలకు ప్రధానమైన ఆధారం స్థానిక పన్నులే. అద్దె ఇంట్లో ఉన్నవారు కూడా తాము కట్టే అద్దెలో ఇంటి పన్ను భారాన్ని కొంత మోస్తూనే ఉంటారు కనుక, అడిగే హక్కు లేదని ఎవరూ అనుకోనక్కరలేదు. కార్డుకు సాధారణంగా గుర్తింపు పత్రమూ, ఆ ఊళ్లో నివసిస్తున్నట్టు తెలిపే అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చూపిస్తే చాలు. లోపలికి వెళ్లి కూర్చొని చదువుకోవడానికి కార్డు కూడా అవసరం లేదు కాబట్టి, మిమ్మల్ని చూడడానికి వచ్చిన తల్లిదండ్రులను నిస్సంకోచంగా తీసుకువెళ్లవచ్చు.

పాఠకుడి దృష్టిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది మరొకటి ఉంది. మీరు ఏ పుస్తకం తీసుకున్నా ఎందుకని అక్కడ ఎవరూ అడగరు. కొత్త దేశంలో మనిషికి పైకి చెప్పుకోలేని ప్రశ్నలు చాలా ఉంటాయి. ఉద్యోగం పోతే ఏమవుతుంది, వచ్చిన జబ్బు ఎలాంటిది, విడాకుల చట్టం ఏమంటుంది, మనసులోని దిగులుకు వైద్యం ఉందా అన్న విషయాలను స్నేహితులను అడగడానికి జంకేవారు కూడా అక్కడ నిశ్చింతగా చదువుకోవచ్చు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న వివరాలను గోప్యంగా ఉంచేందుకు 48 రాష్ట్రాల్లో ప్రత్యేకమైన చట్టాలు ఉన్నాయి. రెఫరెన్సు డెస్కులో ఉన్న లైబ్రేరియన్ మీకు జవాబు దొరికే పుస్తకాన్ని చూపిస్తారే తప్ప, మీ స్వవిషయాల్లో తలదూర్చరు. ఇంగ్లీషు ధాటిగా రాదని వెనుకాడవద్దు. కావలసినదాన్ని కాగితం మీద రాసి చూపించినా వారు ఓపికగా సహాయం చేస్తారు.

ఇక వెతికిన పుస్తకం మీ బ్రాంచిలో లేకపోతే నిరాశపడి తిరిగి రావద్దు. కేటలాగులో దాని మీద హోల్డ్ పెడితే మరో బ్రాంచి నుంచి తెప్పించి మీ పేరున పక్కన పెడతారు. ఆ లైబ్రరీ పరిధిలో ఎక్కడా లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ కింద, అంటే వేరే లైబ్రరీ నుంచి అరువు తెప్పించే పద్ధతిలో అడగండి. తెలుగు పాఠకులకు ఈ సదుపాయం ఎంత పనికివస్తుందో చాలామందికి తెలియదు. అమెరికా పంపిన గోధుమలకు భారతదేశం రూపాయల్లో చెల్లించిన రోజుల్లో, పీఎల్-480 అనే చట్టం కింద ఆ రూపాయల్లో కొంత భాగాన్ని పుస్తకాల కొనుగోలుకు కేటాయించారు. అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరిచి, భారతీయ భాషల పుస్తకాలను సేకరించి షికాగో, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా, బర్కిలీ వంటి విశ్వవిద్యాలయాలకు పంపింది. ఆ విధంగా చేరిన పాత తెలుగు పుస్తకాలు ఈ దేశపు విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. ఏ పుస్తకం ఎక్కడుందో వరల్డ్‌క్యాట్ అనే ఆన్‌లైన్ ఉమ్మడి లైబ్రరీ కేటలాగులో చూసుకొని మీ ఊరి లైబ్రరీలో విన్నవించుకుంటే, ఆ విశ్వవిద్యాలయం అరువివ్వడానికి ఒప్పుకున్నప్పుడు పుస్తకం మీ చేతికి వస్తుంది. కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్నిచోట్ల తపాలా ఖర్చు అడగవచ్చు, అయినా ఓపిక పట్టదగిన పని ఇది.

ఫోనులో చదివేవారికి కూడా ఇదే కార్డుతో లిబ్బీ వంటి యాప్‌ల ద్వారా ఈ-పుస్తకాలు దొరుకుతాయి. అయితే ఈ-పుస్తకాన్ని శాశ్వతంగా కొనడం లైబ్రరీకి చాలాసార్లు కుదరదు. ప్రచురణకర్త నిర్ణయించిన గడువుకో, ఇన్నిసార్లు అరువివ్వడానికో లైసెన్సు తీసుకుంటుంది, సాధారణంగా ఒక్కో ప్రతిని ఒకసారికి ఒక్కరికే ఇస్తుంది. పేరున్న పుస్తకాలకు నెలల తరబడి వరుస ఉండడానికి కారణం ఇదే. అదే పుస్తకం అచ్చు ప్రతి ఎన్నోసార్లు అలమరలో ఖాళీగానే ఉంటుంది.

పిల్లలకు వారి పేరునే కార్డు ఇప్పించండి, ఏ పుస్తకం తీసుకోవాలో వారినే ఎంచుకోనివ్వండి. చిన్నపిల్లలను ఒంటరిగా వదిలి వెళ్లకూడదనే నియమం చాలాచోట్ల ఉంటుంది కాబట్టి వయోపరిమితి ముందే కనుక్కోండి.

చివరగా తెలుగు పుస్తకాల మాట. మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ప్రపంచ భాషల విభాగంలో తెలుగు అలమర కనబడవచ్చు. కొన్నేళ్లపాటు ఎవరూ తీసుకోని పుస్తకాలను స్థలం కోసం తొలగించడం ఇక్కడి లైబ్రరీల్లో మామూలే. అరువు లెక్కలే ఆ అలమరను నిలబెడతాయి కనుక అక్కడి పుస్తకాలను నిలబడి తిరగేసి పెట్టేయకుండా కార్డు మీద ఇంటికి తీసుకువెళ్లండి. తెలుగు అలమర లేనిచోట ఇంట్లోని పాత పుస్తకాలను పెట్టెలో వేసి విరాళమివ్వాలని చాలామంది అనుకుంటారు. ఉద్దేశం మంచిదే అయినా, అలా ఇచ్చినవి ఎక్కువగా లైబ్రరీ మిత్రబృందాలనే స్వచ్ఛంద సంఘాలు నిర్వహించే పుస్తకాల అమ్మకానికి వెళ్తాయి, ఎందుకంటే తెలుగు లిపి చదవగలిగినవారు లేకుండా వాటిని కేటలాగులో చేర్చడం కష్టం. అంతకన్నా కొనుగోలుకు సూచన ఇచ్చే ఫారం నింపడం మేలు. పుస్తకం పేరూ, రచయిత పేరూ ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాసి, ప్రచురణ సంస్థ, ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్య, ఎక్కడ కొనవచ్చో జతచేయండి. ఊళ్లోని నాలుగైదు తెలుగు కుటుంబాలు విడివిడిగా సూచనలు పంపితే లైబ్రేరియన్ బడ్జెట్ అడిగేటప్పుడు చూపించుకోవడానికి అవి ఉపయోగపడతాయి. కొన్న పుస్తకం వచ్చిందని కబురు అందిన రోజునే వెళ్లి తీసుకోండి.