వెబ్ పనిలో చేరిన మేనకోడలికి

అమ్మాయీ,

వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో చేరావని విని చాలా సంతోషించాను. ఏయే సైట్లు చూడాలని అడిగావు. పెద్ద జాబితా ఇవ్వను. బుక్‌మార్కులు పేర్చుకుంటే పని రాదు. చిక్కు వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే చాలు.

ముందుగా ఎండీఎన్. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2005లో మొదలుపెట్టిన ఈ సైట్‌లో పేజీ నిర్మాణానికి వాడే హెచ్‌టీఎంఎల్, దాని రూపానికి వాడే సీఎస్ఎస్, పేజీని స్పందింపజేసే జావాస్క్రిప్ట్‌ల వివరణ అంతా ఉచితం. చాలామంది పైనున్న ఉదాహరణను కాపీ చేసుకుని వెళ్లిపోతారు. నువ్వు మాత్రం చివరిదాకా చదువు. ఏ బ్రౌజర్‌లో ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చెప్పే పట్టిక అక్కడే ఉంటుంది.

తెలుగు పేజీకి ఇది ఎలా అక్కరకొస్తుందో చెబుతాను. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద రెండు వత్తులు దిగుతాయి. ఇంగ్లిష్ అక్షరాల కొలతకు కట్టిన బటన్‌లో వాటి కింది భాగం తెగిపోతుంది. వెంటనే ఫాంట్‌ను తప్పుపట్టకు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే తెరుచుకునే పరికరాల్లో ఆ బటన్ సీఎస్ఎస్ చూడు. ఎత్తు పిక్సెళ్లలో బిగించి ఉంటుంది, లైన్-హైట్, అంటే వరుస ఎత్తు, చాలదు, పైగా హద్దు దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ అని ఉంటుంది. ఈ మూడింటి గురించీ ఎండీఎన్‌లో చదివి, ఎత్తు తీసేసి ప్యాడింగ్, అంటే అక్షరాల చుట్టూ లోపలి ఖాళీ, ఇవ్వు. లైన్-హైట్ 1.6తో మొదలుపెట్టి, వత్తులు నిండుగా కనిపించేదాకా పెంచు. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో తప్పకుండా రాయి. చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది అవసరం.

ఫాంట్ల కోసం గూగుల్ ఫాంట్స్‌కు వెళ్లి తెలుగు ఎంచుకో. శీర్షికలకు రామభద్ర, చదివే పాఠానికి మండలి లేదా నోటో సాన్స్ తెలుగు నాకు నచ్చినవి. అక్కడ కనిపించే నమూనా వాక్యాన్ని నమ్మకు. ‘విద్యార్థి’, ‘స్త్రీ’, ‘కృష్ణా’ అని నువ్వే టైపు చేసి చూడు.

రంగుల విషయంలో కంటిని నమ్ముకోవద్దు. తెల్లటి నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు నీ ఆఫీసు తెరమీద అందంగానే ఉంటాయి, ఎండలో ఫోను పట్టుకున్న రైతుకు కనిపించవు. వెబ్ఎయిమ్ సైట్‌లో అక్షరాల రంగు, నేపథ్యం రంగు రెండూ ఇస్తే వాటి వెలుగులో తేడా ఎంతో నిష్పత్తిగా చెబుతుంది. మామూలు పాఠానికి కనీసం 4.5:1 ఉండాలన్నది ప్రమాణం.

ఫొటోలు పెట్టేముందు స్క్వూష్ అనే సైట్‌లో వాటి ఫైలు బరువు తగ్గించు. ఆ పని నీ బ్రౌజర్‌లోనే జరుగుతుంది, ఫొటో ఎక్కడికీ పోదు.

ఈ వారం ఒక్క పేజీ చెయ్యి. లింకు పంపితే కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య