టెయిల్ లైటుకు క్లెయిము పెట్టే ముందు రెన్యువల్ నోటీసు చూడండి

ప్రశ్న: మాది విజయవాడ. గుంటూరులో ఉద్యోగం. రోజూ కారులో వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి వస్తాను. 1200 సీసీ పెట్రోలు కారు, కొని అయిదో ఏడు నడుస్తోంది. పోయిన వారం అపార్ట్‌మెంట్ పార్కింగులో వెనక్కి తీస్తుంటే స్తంభానికి తగిలి కుడివైపు టెయిల్ లైటు పగిలింది, బంపరు గీసుకుపోయింది. సర్వీస్ సెంటరులో లైటుకు 5,200, బంపరు రంగుకు 2,800, కూలి 600, మొత్తం 8,600 రూపాయలవుతుందన్నారు. ఇన్సూరెన్సు ఉంది కదా, క్లెయిము పెట్టేయమంటున్నారు. మా వారేమో ప్రస్తుతానికి ఎర్ర టేపు అంటించి, రెండు నెలల్లో రెన్యువల్ అయ్యాక క్లెయిము పెడదామంటున్నారు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 45 శాతం ఉంది. రెన్యువల్ నోటీసులో ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత కారుకు జరిగే నష్టం కోసం కట్టేది) బోనస్ తీసేయకముందు 8,000 అని ఉంది. జీరో డిప్రిసియేషన్ (భాగాలు పాతబడ్డాయని తరుగుదల కోయకుండా చెల్లించే అదనపు రక్షణ) తీసుకోలేదు. మరో రెండేళ్లలో కారు మార్చాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: క్లెయిము పెట్టకండి. లైటు మాత్రం ఈ వారమే సొంత డబ్బుతో మార్పించండి. బంపరు రంగు సంగతి తర్వాత చూడవచ్చు.

సర్వీస్ సెంటరు వాళ్లు మీకు 8,600 రూపాయల బిల్లు చూపించారు. క్లెయిము పెడితే అందులో మీకు దక్కేది ఎంతో చూపించలేదు. టెయిల్ లైటు చూడటానికి గాజులా ఉన్నా అది ప్లాస్టిక్కు. గాజు భాగాలకు ఇన్సూరెన్సు కంపెనీ తరుగుదల కోయదు కానీ ప్లాస్టిక్కుకు సగానికి సగం కోస్తుంది. అంటే 5,200లో వచ్చేది 2,600. రంగు ఖర్చులో నాలుగో వంతును సామగ్రి కింద లెక్కగట్టి అందులోనూ సగం తీసేస్తారు. 2,800లో అలా 350 పోతుంది. కూలికి కోత లేదు. ఇదంతా అయ్యాక 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిములోనూ యజమాని తప్పనిసరిగా భరించాల్సిన 1,000 రూపాయలు తీసేస్తే, కంపెనీ చెల్లించేది 4,650. మిగిలిన 3,950 ఎలాగూ మీ చేతి నుంచే పెట్టుకోవాలి.

ఆ 4,650 కోసం మీరు వదులుకునేదేమిటో చూడండి. క్లెయిము లేకుండా ఈ ఏడాది ముగిస్తే మీ బోనస్ 45 నుంచి 50 శాతానికి చేరుతుంది. అది గరిష్ఠం. అప్పుడు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000కు బదులు 4,000 కడితే సరిపోతుంది. ఒక్క క్లెయిము పెట్టినా బోనస్ సున్నాకు పడిపోతుంది, మొత్తం 8,000 కట్టాలి. తేడా 4,000, దానిపై 18 శాతం జీఎస్టీ 720. రెండు నెలల్లోనే మీ జేబు నుంచి 4,720 రూపాయలు అదనంగా వెళ్తాయి. కంపెనీ ఇచ్చినదానికన్నా 70 రూపాయలు ఎక్కువే.

నష్టం అక్కడితో ఆగదు. సున్నా నుంచి మొదలైన బోనస్ మరుసటి ఏడాది 20 శాతం, ఆపైన 25, 35, 45 అంటూ మెట్టు మెట్టుగా ఎక్కాలి. 50కి చేరేసరికి అయిదేళ్లు. కారు విలువ తగ్గుతూ ప్రీమియం కూడా కొంత తగ్గుతుందనుకున్నా, రెండో ఏడాది మరో 2,500 రూపాయల దాకా ఎక్కువ కడతారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది చివర రాసిన మాట, రెండేళ్లలో కారు మారుస్తామన్నది. నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. పాత కారు అమ్మేటప్పుడు కంపెనీని అడిగి బోనస్ ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కొత్త కారుకు దాన్ని వాడుకోవచ్చు. కొత్త కారుకు విలువ ఎక్కువ, కాబట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియమూ ఎక్కువే. ఉదాహరణకు అది 16,000 అనుకుందాం. 50 శాతం బోనస్‌తో వెళ్తే 8,000 మిగులుతుంది. ఇప్పుడు క్లెయిము పెడితే అప్పటికి మీ దగ్గర ఉండేది 25 శాతమే, మిగిలేది 4,000. నాలుగేళ్లు జాగ్రత్తగా నడిపి కూడబెట్టుకున్న ఈ తగ్గింపును ఒక ప్లాస్టిక్కు లైటుకు ఇచ్చేస్తే, మీ స్థానంలో నేనైతే చాలా బాధపడతాను.

జీరో డిప్రిసియేషన్ ఉన్నా మీకు వచ్చేది 7,600. మొదటి రెండేళ్లలో పోయేదే సుమారు 7,200, దానికి కొత్త కారు మీద పోయే 4,000 కలిపితే అప్పుడూ లాభం కనిపించదు. ఒక్క సందర్భంలో నా సలహా మారుతుంది: పాలసీలో బోనస్‌ను కాపాడే ప్రత్యేక రక్షణ తీసుకుని ఉంటే. చాలామందికి అది తమ పాలసీలో ఉన్న సంగతే తెలియదు. ఒకసారి కాగితాలు తీసి చూడండి.

మీ వారి ఆలోచనకు రెండు అడ్డంకులున్నాయి. ప్రమాదం జరిగిన తేదీన ఏ పాలసీ అమల్లో ఉందో క్లెయిము దాని కిందికే వస్తుంది. రెన్యువల్ అయ్యాక తేదీ మార్చి చెబితే అది అబద్ధపు క్లెయిము. కంపెనీ మారి, పాత క్లెయిము దాచి బోనస్ అడగడమూ ఇలాంటిదే. పాత కంపెనీని ఒక్క మాట అడిగితే బయటపడుతుంది. బయటపడిన రోజున, నిజంగా పెద్ద ప్రమాదం జరిగినా ఓన్ డ్యామేజ్ కింద రూపాయి రాకపోవచ్చు.

రెండోది టేపు. వాన నీరు లోపలికి దిగితే హోల్డరు తుప్పుపట్టి బల్బు ఆరిపోతుంది, అది ఆరిన సంగతి ముందు కూర్చున్న మీకు తెలియదు. ఎర్ర పెంకు విరిగిన చోట నుంచి తెల్లటి వెలుగు వస్తే వెనకున్న లారీ డ్రైవరు మీ బండి రివర్సులో ఉందనుకోవచ్చు. చీకటి పడ్డాక జాతీయ రహదారి మీద తిరిగి వచ్చే మనిషికి రెండు నెలల టేపు వద్దు. లైటు దొరికేదాకా రెండు మూడు రోజులకైతే సరే.

ఖర్చు తగ్గించుకునే దారి ఉంది. లుమాక్స్, యూనో మిండా వంటి సంస్థలు కార్ల కంపెనీలకు లైట్లు తయారు చేసి ఇస్తాయి, తమ పేరుతో బయటి మార్కెట్లోనూ అమ్ముతాయి. మీ కారు మోడలు, తయారీ సంవత్సరం చెప్పి ఆటోనగర్‌లో రెండు మూడు దుకాణాల్లో అడగండి. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. పాత లైటులోని బల్బులు బాగుంటే అవే వాడుకోవచ్చు. పేరులేని చవక లైట్ల జోలికి మాత్రం వెళ్లకండి. అంచు సరిగా కూర్చోక నీరు దిగితే మళ్లీ కొనాల్సి వస్తుంది. బంపరు గీత ప్లాస్టిక్కు మీదే కాబట్టి తుప్పు పట్టదు, ఆరు నెలలు ఆగినా నష్టం లేదు.

ఇన్సూరెన్సును పెద్ద దెబ్బకు దాచుకోండి. ఇదే స్తంభానికి డిక్కీ తలుపు, పక్క రేకు కూడా నొక్కుకుపోయి బిల్లు 40,000 అయి ఉంటే, మరమ్మతు మొదలుపెట్టకముందే కంపెనీకి తెలియజేసి క్లెయిము పెట్టమని నేనే చెప్పేవాడిని. మీ విషయంలో నేను పెట్టే హద్దు ఇది: కోతలన్నీ పోయాక చేతికి వచ్చేది 12,000 దాటితేనే ఆలోచించండి. అంతకు తక్కువ ఖర్చుల కోసం నెలకు 1,000 రూపాయల చొప్పున రికరింగ్ డిపాజిట్ కట్టండి. రెన్యువల్‌లో మిగిలే 4,720తో కలిపితే ఏడాది తిరిగేసరికి వడ్డీ కాక 16,720 చేతిలో ఉంటుంది.

రెన్యువల్ తేదీ మాత్రం తప్పకండి. గడువు దాటి 90 రోజులైతే క్లెయిము లేకపోయినా బోనస్ పోతుంది. లైటు బిగించాక దుకాణం దగ్గరే ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేకు నొక్కి, ఇండికేటరు వేసి, రివర్సు గేరు పెట్టి అన్నీ వెలుగుతున్నాయో లేదో చూసుకుని బయలుదేరండి.