పదిహేడేళ్లకే డాక్టరు కావాలని ఎలా తెలిసింది?

వైద్యవిద్య: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. ఇక్కడ అమెరికాలో హైస్కూలు కాగానే డిగ్రీలోనూ మెడికల్ కాలేజీలోనూ ఒకేసారి సీటు ఖాయం చేసే బీఎస్-ఎండీ కోర్సులకు దరఖాస్తు చేస్తే, రెండు చోట్ల నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఒక కన్సల్టెంటు 120 ప్రశ్నలు, వాటికి జవాబులు రాసి ఇచ్చారు. వాటిని బట్టీ పట్టింది. మేం అడిగితే గడగడా చెబుతోంది కానీ, ప్రశ్నను కొంచెం మార్చి అడిగితే చాలు, నోట మాట రావడం లేదు. ఇక మూడు వారాలే ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ఆ ప్రశ్నలను ఉంచుకుని జవాబులను ఇవాళే పక్కన పెట్టించండి. మీ అమ్మాయి తెలివితేటల గురించి ఇంటర్వ్యూ చేసేవారికి అనుమానం లేదు. మార్కులు, పరీక్షల స్కోర్లు, సిఫార్సు ఉత్తరాలు చూసిన తర్వాతే పిలిచారు. వాళ్లను వేధించే ప్రశ్న వేరే ఉంది. మామూలు దారిలో మెడికల్ కాలేజీకి వచ్చే విద్యార్థి డిగ్రీ నాలుగేళ్లూ రకరకాల చదువులు చూసి, కనీసం ఇరవై ఒకటో, ఇరవై రెండో ఏట తన మనసు తెలుసుకుని వస్తాడు. ఇక్కడ పదిహేడేళ్ల పిల్లకు సీటు ముందే రాసి ఇవ్వాలి. డిగ్రీ తర్వాత ఎండీ, అంటే ఇక్కడ డాక్టరు కావడానికి చదివే చదువు, నాలుగేళ్లు. ఆపైన రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ, ఎంచుకున్న విభాగాన్ని బట్టి మూడు నుంచి ఏడేళ్లు. ఇంత పొడవైన దారిలో అడుగు పెట్టాలన్న నిర్ణయం ఈ పిల్లదా, ఇంట్లో పెద్దలదా? అడిగే ప్రశ్న ఏదైనా, వాళ్లు వెతికేది దీనికి జవాబే. వేరొకరు రాసిచ్చిన మాటలు అప్పజెప్పే పిల్ల ఆ అనుమానాన్ని తనంతట తానే పెంచుతుంది.

తెలిసినవాళ్ల పిల్లలకు నేను చాలా ఏళ్లుగా మాదిరి ఇంటర్వ్యూలు చేస్తున్నాను. కిందటి చలికాలంలో వచ్చిన ఒకమ్మాయి రెండు వేసవుల పాటు ఆసుపత్రిలో వాలంటీరుగా చక్రాల కుర్చీలు తోసింది. అక్కడ ఏం నేర్చుకున్నావని అడిగితే, రోగుల పట్ల సానుభూతి, జట్టుగా పనిచేయడం, సమయపాలన అని వరసగా చెప్పింది. ఆ మూడు ముక్కలూ ఆ వయసు పిల్లలందరి నోటా వింటాను. ఆ వార్డులో నీకు బాగా గుర్తున్న ఒక్క మనిషి గురించి చెప్పమన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. డిశ్చార్జి అయిన ఒక పెద్దాయనను గేటు దాకా తీసుకువెళుతోందట. ఆయన తన బూట్లను ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఒళ్లో ఉంచుకున్నాడు. పాదాలు వాచిపోయి బూట్లు పట్టడం లేదు, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన మేజోళ్లతోనే ఇంటికి వెళుతున్నాడు. లిఫ్టులో, "ఇవి నాకు మళ్లీ పడతాయా అమ్మాయీ?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక కుర్చీని వెనక్కి తిప్పి మళ్లీ నర్సు దగ్గరికే తీసుకువెళ్లింది. గుండె బలహీనపడితే కాళ్లలో నీరు ఎందుకు చేరుతుందో, ఉప్పు ఎందుకు తగ్గించాలో, రోజూ పొద్దున్నే బరువు ఎందుకు చూసుకోవాలో నర్సు ఆయనకు ఓపికగా చెప్పింది. "డిశ్చార్జి కాగితాల్లో అవన్నీ రాసే ఉన్నాయి. కానీ ఆయన అడగాలనుకున్నది బూట్ల గురించి" అంది ఆ అమ్మాయి.

ఇంతకంటే మంచి జవాబు ఏ కన్సల్టెంటూ రాసివ్వలేరు. ఒకసారి మనసారా చెప్పిన మాట కాబట్టి దీన్ని ఎటు నుంచి అడిగినా తడబడదు. నేను వెంటనే, "జవాబు చెప్పింది నర్సు కదా, మరి నువ్వు నర్సు ఎందుకు కాకూడదు?" అని అడిగాను. నిజమైన ఇంటర్వ్యూలోనూ ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నర్సుల పనిని చిన్నబుచ్చకుండా జవాబు చెప్పాలి. రోగ నిర్ణయమూ చికిత్స బాధ్యతా తన మీద వేసుకోవాలని ఎందుకు అనిపించిందో, ఆ గుండె అసలు ఎందుకు బలహీనపడిందన్న ప్రశ్న తనను ఎందుకు వదలలేదో ఆ అమ్మాయి చెప్పగలిగింది.

మీ అమ్మాయికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, తను చూసిన ఐదారుగురు మనుషుల గురించి రాసుకోమనండి. ఏం చూసింది, తను ఏం చేసింది, ఏం అర్థం కాలేదు అన్నవి చాలు. పేర్లు మాత్రం రాయకూడదు, చెప్పకూడదు. రోగుల వివరాల గోప్యతకు అమెరికాలో 1996 నుంచి హిపా చట్టం ఉంది. ఆసుపత్రిలో తిరిగిన విద్యార్థికి ఆ జాగ్రత్త అలవాటైందా లేదా అన్నది కూడా వినేవారు గమనిస్తారు.

ఇంత తొందరగా ఎందుకు అన్న ప్రశ్నకు, మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాసే బాధ తప్పుతుందని గానీ, ఏళ్లు కలిసివస్తాయని గానీ చెప్పవద్దు. కొన్ని కోర్సుల్లో ఎంక్యాట్ ఎలాగూ రాయాలి, కొన్నింట్లో ఒక్క ఏడాది కూడా కలిసిరాదు. సీటు గురించిన బెంగ లేకపోతే ఆ డిగ్రీ కాలంలో ఏం చదువుతుందో, ఏ పని మీద మనసు పెడుతుందో చెప్పగలగాలి.

మా కాలేజీయే ఎందుకు అన్న దగ్గర చాలామంది దొరికిపోతారు, ఎందుకంటే ఒకే జవాబును అన్నిచోట్లా వాడతారు. ఈ కోర్సుల స్వభావాలు ఒకదానికొకటి పొసగవు. కాన్సాస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం ఆరేళ్లలో రెండు డిగ్రీలూ ఇస్తుంది. అక్కడ విద్యార్థులు మొదటి నుంచే చిన్న బృందాలుగా ఒక వైద్య గురువు వెంట ఉండి రోగుల దగ్గరికి వెళతారు. న్యూయార్క్ సిటీ విశ్వవిద్యాలయపు ఏడేళ్ల కోర్సు, వైద్యం అందని పేటల్లో ప్రాథమిక వైద్యులుగా పనిచేసేవారిని తయారుచేయడం కోసం ఏర్పడింది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఎనిమిదేళ్లు. డిగ్రీలో సాహిత్యం చదువుకున్నా, సంగీతం చదువుకున్నా అడ్డు చెప్పరు. తొందరగా రోగుల దగ్గరికి వెళ్లాలని తపించే పిల్లకు, చరిత్ర కూడా చదువుకోవాలనుకునే పిల్లకు ఒకే కాలేజీ సరిపోదు. మీ అమ్మాయి ఈ ఇద్దరిలో ఎవరో తనకు తెలిస్తే ఈ జవాబు దానంతట అదే వస్తుంది.

మీకు కూడా ఒక మాట చెప్పాలి. అమ్మానాన్నలు వేసే ప్రశ్నలకు పిల్లలు అమ్మానాన్నలకు నచ్చే జవాబులే చెబుతారు. అందుకని మాదిరి ఇంటర్వ్యూ మీరు చేయకండి. పిల్లకు అంతగా పరిచయం లేని పెద్దవారిని ఎవరినైనా అడగండి. వాళ్లు వైద్యులే కానక్కరలేదు. ఇంటర్వ్యూ వీడియోలో జరిగితే ఆ గదిలో ఉండవద్దు, తలుపు చాటున కూడా నిలబడవద్దు. పిల్ల కళ్లు ఒక్కసారి పక్కకు తిరిగినా ఎదుటివారికి తెలిసిపోతుంది. ప్రేమతోనే చేస్తారని నాకు తెలుసు. కానీ ఆ అరగంట తనది.

ప్రశ్న: నాకు ఎంఎంఐ పద్ధతిలో ఇంటర్వ్యూ ఉంటుందని చెప్పారు. నైతిక సమస్యలు ఇస్తారని విన్నాను. సరైన జవాబు తెలియకపోతే ఏం చేయాలి?
- ఒక విద్యార్థి, ఒహాయో

జవాబు: ఎంఎంఐ అంటే మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో దీన్ని రూపొందించారు, దానిపై మొదటి పరిశోధన పత్రం 2004లో వెలువడింది. ఒక్కరే అరగంట మాట్లాడితే వారి ఇష్టాయిష్టాల మీదే విద్యార్థి భవిష్యత్తు ఆధారపడుతుంది కనుక, చిన్న చిన్న గదుల్లో వేర్వేరు పరిశీలకులను కూర్చోబెట్టారు. సాధారణంగా గది బయట రెండు నిమిషాల్లో సమస్యను చదువుకుని, లోపల ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు మాట్లాడి, గంట మోగగానే తర్వాతి గదికి వెళ్లాలి. ఒక గదిలో తడబడితే అది ఆ గదితో సరి. దాన్ని మోసుకుంటూ రెండో గదిలోకి వెళ్లకండి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంగ్లీషు రాని పెద్దావిడకు క్యాన్సర్ అని తేలింది. పక్కన పన్నెండేళ్ల మనవడు ఉన్నాడు, డాక్టరు మాటలను వాడే ఆమె భాషలోకి మార్చి చెబుతున్నాడు. ఈలోగా ఆమె కొడుకు డాక్టరును పక్కకు పిలిచి, "అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు" అన్నాడు. మీరే ఆ డాక్టరైతే ఏం చేస్తారు?

రోగి స్వేచ్ఛ, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం అనే నాలుగు సూత్రాలను మీరు చదివే ఉంటారు. 1979లో టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ నీతిశాస్త్ర పండితులు వాటిని ప్రతిపాదించినప్పటి నుంచి వైద్యనీతి పాఠాలకు అవే పునాది. అయితే వాటిని మంత్రంలా చదివితే ప్రయోజనం లేదు. ముందు ఆ పిల్లవాడిని చూడండి. నాయనమ్మకు వచ్చిన చావు కబురు లాంటి మాటను వాడి నోటితో చెప్పించడం తగునా? ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు, అత్యవసరమైతే తప్ప, పిల్లల చేత అలా చెప్పించకూడదని అమెరికా నిబంధనలే చెబుతున్నాయి. శిక్షణ పొందిన దుబాసీని పిలిపించాలి. ఆ తర్వాత కొడుకును తప్పుపట్టకుండా అతని భయం ఏమిటో అడగాలి. ఆపైన పెద్దావిడనే, "మీ జబ్బు సంగతులు మీకే చెప్పమంటారా, మీవాళ్లకు చెబితే చాలంటారా?" అని అడగాలి. అంతా తనకే చెప్పమంటే చెప్పాలి. కొడుకే చూసుకుంటాడని ఆమె మనస్ఫూర్తిగా అంటే, అది కూడా ఆమె తీసుకున్న నిర్ణయమే.

పరిశీలకులు మధ్యలో కొత్త సంగతి కలపవచ్చు. పెద్దావిడ కొడుకుకు భయపడి అలా అన్నదని తెలిస్తే ఏం చేస్తారని అడగవచ్చు. అప్పుడు మొదటి మాటనే పట్టుకుని వేలాడవద్దు. "ఇది తెలిశాక నా అభిప్రాయం మారుతుంది, ఆమెతో ఒంటరిగా మాట్లాడతాను" అని చెప్పడం ఓటమి కాదు. కాసేపు ఆలోచించుకుంటానని అడిగి మౌనంగా ఉన్నా ఎవరూ తప్పుపట్టరు.

ప్రశ్న: నేను హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్నాను. మా అబ్బాయి నా మీద ఆధారపడినవారికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నాడు. అతను ఇంటర్వ్యూలో ఈ సంగతి ప్రస్తావించవచ్చా?
- ఒక తండ్రి, టెక్సస్

జవాబు: అది ఇంటర్వ్యూ దాకా దాచి ఉంచాల్సిన సంగతి కాదు, దరఖాస్తుకు ముందే తేల్చుకోవాల్సింది. బీఎస్-ఎండీ కోర్సుల్లో చాలావాటికి అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు మాత్రమే అర్హులు. పిలుపు వచ్చిన చోట అబ్బాయి అర్హుడేనా అని అడ్మిషన్ల కార్యాలయానికి ఈమెయిలు పంపి, లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

ఇంటర్వ్యూ చివర, మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు అబ్బాయి అడగవలసినవి వేరే ఉన్నాయి. సీటు నిలబెట్టుకోవడానికి ఎంత జీపీఏ (సగటు గ్రేడు) ఉండాలి, ఒక సెమిస్టరులో తగ్గితే కోలుకునే అవకాశం ఇస్తారా, వేరే మెడికల్ కాలేజీకి దరఖాస్తు చేస్తే ఈ సీటు పోతుందా అని తెలుసుకోవాలి. కార్యాలయాన్ని మీరు విడిగా అడగాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఇరవై ఒకటో ఏడు నిండగానే హెచ్-4 చెల్లదు, అప్పటికి అబ్బాయి ఇంకా డిగ్రీలోనే ఉండవచ్చు. ఆ రోజున ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారితే మెడికల్ కాలేజీ సీటు యథాతథంగా ఉంటుందా, ఉండదా అన్నదానికి కూడా రాతపూర్వకమైన జవాబు మీ చేతికి వచ్చాకే అడ్వాన్సు కట్టండి.