విల్లెమ్ ద్రేస్ మంత్రివర్గాల లెక్క ఎక్కడ తప్పుతోందంటే

నెదర్లాండ్స్ ప్రధాని ద్రేస్‌వి నాలుగు మంత్రివర్గాలంటారు, జాబితా చూస్తే ద్రేస్-3తోనే ఆగిపోతోంది, పైగా 1971లో మళ్లీ మంత్రిగా కనిపిస్తున్నారని అడిగారు కదా. ఇవి రెండు వేర్వేరు చిక్కులు.

1948 ఆగస్టులో ఏర్పడ్డ మొదటి మంత్రివర్గానికి అంకె లేదు. కాథలిక్ పార్టీకి చెందిన ఉపప్రధాని పేరు కూడా కలిపి దాన్ని ద్రేస్-వాన్ స్ఖైక్ అంటారు. ఆ తర్వాత ద్రేస్-1 1951లో, ద్రేస్-2 1952లో, ద్రేస్-3 1956లో వచ్చాయి. ఆయన దిగిపోయింది 1958 డిసెంబరు 22న. జంటపేరును కలిపితే నాలుగూ సరిపోతాయి.

1971-72లో రవాణా మంత్రిగా ఉన్నది ద్రేస్ కొడుకు. కొడుకు పేరూ విల్లెమ్ ద్రేసే! పుట్టిన ఏడాది చూసుకోండి: తండ్రిది 1886, కొడుకుది 1922. తండ్రి కూడా 1971లోనే తన లేబర్ పార్టీని వదిలేశారు గానీ కొడుకు నడిపిన డీఎస్-70 పార్టీలో చేరలేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

పనిలో పనిగా, శాశ్వత వృద్ధాప్య పింఛను చట్టం ద్రేసే తెచ్చారన్న వాక్యం మీ వ్యాసంలో ఉంటే అదీ మార్చండి. సాంఘిక వ్యవహారాల మంత్రిగా ద్రేస్ తెచ్చింది 1947 నాటి తాత్కాలిక చట్టం. 65 నిండినవాళ్లకు, అదీ ఆదాయం చూసి ఇచ్చేవారు. 1957 జనవరి 1న అమల్లోకి వచ్చిన శాశ్వత చట్టం నాటికి ఆయన ప్రధాని, సంబంధిత మంత్రి సూర్‌హోఫ్. జనానికి ఈ తేడా పట్టలేదు. పింఛను తీసుకోవడాన్ని ‘ద్రేస్ నుంచి తీసుకోవడం’ అనేవారు.