డాక్టర్ సలహా: ఆస్పత్రి బాత్రూంలో పడితే ఆ బిల్లు ఎవరు కట్టాలి?

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. వచ్చే నెల హైదరాబాద్‌లో మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయిస్తున్నాం. దాదాపు రెండేళ్ల కిందట మా నాన్న జ్వరంతో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నప్పుడు తెల్లవారుజామున బాత్రూంలో పడ్డారు, తుంటి విరిగింది. ఆ ఆపరేషన్ బిల్లు కూడా మా చేతే కట్టించుకున్నారు. అమ్మ విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? అసలు ఆస్పత్రిలో పడితే ఖర్చు ఎవరిది? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారికి జరిగింది అరుదైన విషయమేమీ కాదమ్మా. నేను చూసిన కేసుల్లో కథ దాదాపు ఒకేలా ఉంటుంది. అర్ధరాత్రి దాటాక, బాత్రూంకి వెళ్తూనో వస్తూనో పడతారు, అదీ పక్కన అటెండెంట్ ఉండగానే. కింద చాప మీద నిద్రపోతున్న కూతుర్నో కోడల్నో చూసి "పొద్దుట్నుంచి తిరిగి తిరిగి అలిసిపోయింది, నేనే వెళ్లొస్తాలే" అనుకుంటారు పెద్దవాళ్లు. సెలైన్ స్టాండ్ ఆసరాగా పట్టుకుని లేస్తారు, దానికేమో కింద చక్రాలుంటాయి, మనం ఒరిగితే అదీ జరుగుతుంది. తడి నేల, జారే టైల్స్ అన్నీ ఉన్నాయి గానీ, నన్నడిగితే అన్నిటికంటే ముందు ముద్దాయి మన మొహమాటమే.

అందుకే అమ్మ పిలిచేదాకా ఆగకండి. రాత్రి పదికి, ఒంటిగంటకు, నాలుగింటికి ఫోన్‌లో అలారం పెట్టుకుని మీరే అడిగి బాత్రూంకి తీసుకెళ్లండి. నిద్ర చెడుతుంది, నిజమే, కానీ ఆ మూడు నాలుగు రాత్రులే కదా, ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుంటే సరిపోతుంది. బీపీకో కాళ్ల వాపుకో ఒంట్లో నీరు తీసే మాత్ర వాడుతుంటే దాన్ని పొద్దున పూటకు మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి. నిద్రమాత్ర వాడే అలవాటుంటే ఆ సంగతి అడ్మిషన్ రోజే చెప్పాలి, దాచొద్దు, అలాగని మీ అంతట మీరు ఆపేయనూ వద్దు.

లేపేటప్పుడు ఒక్కసారిగా నిలబెట్టకండి. పెద్ద వయసులో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లకి, పడుకుని లేవగానే బీపీ పడిపోవచ్చు. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ తగ్గితే అది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. ముందు మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్లు కిందకి వేలాడేసి, రెండు నిమిషాలు కబుర్లు చెప్పి, కళ్లు తిరగడం లేదంటేనే లేపండి.

మోకాలి ఆపరేషన్‌లో ఇంకో చిక్కు ఉంది. నొప్పి తెలియకుండా నరానికి మందు ఇస్తారు, బ్లాక్ అంటాం. అది పనిచేస్తున్నంతసేపు పేషెంటుకి హాయిగా ఉంటుంది, "నాకేం నొప్పి లేదు, నడుస్తా" అంటారు, తీరా నిలబడగానే కాలు పట్టు తప్పి మోకాలు మడత పడిపోతుంది. కాబట్టి మొదటి అడుగు ఫిజియోథెరపిస్టో నర్సో పక్కన ఉన్నప్పుడే వేయించాలి, వాకర్‌తోనే. అలాగని భయంతో మంచానికి కట్టిపడేయొద్దు. నడవనివ్వకపోతే కండ బలం రోజురోజుకీ పోతుంది, అలా నీరసించిన కాళ్లే ఇంటికెళ్లాక పడేస్తాయి.

బాత్రూం సంగతికొస్తే, లోపల గడియ పెట్టుకోనివ్వకండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఒకసారి ఒక పెద్దాయన లోపల గడియ పెట్టుకుని, తలుపుకి అడ్డంగా పడిపోయారు. తలుపేమో లోపలికి తెరుచుకునే రకం. గడియ ఊడదీసినా ఆయన్ని నెట్టకుండా తలుపు తెరవలేం. అరగంట పట్టింది. ఆ అరగంటా ఆయన కొడుకు తలుపు సందులోంచి "నాన్నా, నాన్నా" అంటూనే ఉన్నాడు. సిగ్గుపడితే తలుపు దగ్గరగా వేసి, మీరు బయట చెయ్యి ఆనించి నిలబడండి. అడ్మిట్ అయిన రోజే ఆ బాత్రూం ఒకసారి చూసి రండి. పట్టుకోవడానికి గోడకి రాడ్ ఉందా, గుమ్మం దగ్గర మెట్టులాంటిది ఉందా, ఫినాయిల్ వేసి ఎన్నింటికి తుడుస్తారు? ఆ టైంలో అమ్మని అటు వెళ్లనివ్వకండి.

అరిగిపోయిన హవాయి చెప్పులు ఇంట్లోనే వదిలేసి, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. నైటీ చీలమండ పైకి ఉండాలి. కళ్లజోడు, చెవి మెషిన్ ఉంటే చేతికందేలా పెట్టండి. మంచం ఎత్తు బాగా దించి, చక్రాల బ్రేకులు వేసి ఉన్నాయో లేదో పడుకునే ముందు కాలితో నొక్కి చూడండి. పక్కన రెయిలింగ్ లేపేశాం కదా అని ధీమా మాత్రం వద్దు. ఆపరేషన్ అయిన రాత్రి కొందరు పెద్దవాళ్లు అయోమయంలో పడతారు, "బస్సు వచ్చేసింది, పదండి" లాంటి మాటలు మాట్లాడతారు, అలాంటివాళ్లు రెయిలింగ్ దాటబోతే ఇంకా ఎత్తు నుంచి పడతారు. చేతులు కట్టేయడం పరిష్కారం కాదు. అలాంటి మాటలు వినపడగానే నర్సుకి చెప్పండి.

ఆస్పత్రులు ఈ రిస్కుని మార్కులేసి కొలుస్తాయి. చాలాచోట్ల వాడేది మోర్స్ స్కేల్. మీ అమ్మగారికి నేనే వేసి చూపిస్తా. ఇతర జబ్బులున్నందుకు 15, వాకర్‌కి 15, చేతికి సెలైన్ సూది ఉన్నందుకు 20, నడక బలహీనంగా ఉంటే 10, మొత్తం 60. మామూలుగా 45 దాటితే హై రిస్క్ అంటారు. గత మూడు నెలల్లో ఎప్పుడైనా పడి ఉంటే ఇంకో 25 కలుస్తాయి, కాబట్టి ఇంట్లో జారిన సంగతి "చిన్నదేలే" అని దాచకండి. "మా అమ్మ ఫాల్ రిస్క్ స్కోర్ ఎంత, దానికి మీరేం చేస్తున్నారు?" అని నర్సుని సూటిగా అడగండి. అడిగినవాళ్ల మంచం దగ్గర కాస్త ఎక్కువ శ్రద్ధ ఉంటుంది, మా వృత్తి గురించి ఇలా రాయకూడదేమో గానీ అది వాస్తవం.

ఇక డబ్బు. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, ఆస్పత్రిలో పడి ఎముక విరిగితే దాని కోసం అదనంగా డబ్బివ్వడం 2008 అక్టోబర్ నుంచి మానేసింది. బోస్టన్, న్యూయార్క్ ఆస్పత్రుల లెక్కలు తీసి 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక్కసారి పడితే సగటున దాదాపు 62 వేల డాలర్లు ఖర్చవుతోందని తేలింది. వాళ్లు దాన్ని తగ్గించింది పెద్ద యంత్రాలతో కాదు, ఈ పేషెంటు ఎందుకు పడొచ్చు, పడకుండా ఏం చేయాలి అనే చార్ట్ ఒకటి మంచం పక్కన పెట్టి, దాన్ని నర్సు, పేషెంటు, ఇంట్లోవాళ్లు కలిసి నింపడంతో. ఆ డాలర్ల లెక్క మనకి సరిపోదు, కానీ చార్ట్ అట్ట ముక్క మీదైనా రాసుకోవచ్చు.

మన దగ్గర పరిస్థితి మీరు చూసిందే, తుంటి ఆపరేషన్ కూడా అదే బిల్లులో కలుస్తుంది. క్యాష్‌లెస్ అయితే ఆస్పత్రి బీమా కంపెనీకి అదనపు మొత్తం కోసం మళ్లీ రాయాలి, మీ పాలసీ పరిమితి దాటితే మిగతాది చేతి నుంచే. ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆస్పత్రులు ఎవరెవరు పడ్డారో నమోదు చేసి లెక్క ఉంచాలి. కాబట్టి ఎవరైనా పడితే సంఘటన నమోదైందో లేదో అడగండి, కేస్ షీట్‌లో టైం రాయించండి. రికార్డుల కాపీ అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది.

డబ్బు కట్టి చేయించుకునే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయితే పడ్డంత మాత్రాన ఆస్పత్రి తప్పు అయిపోదు. రిస్క్ చూడకపోవడం, బెల్ పనిచేయకపోవడం, నీళ్లు తుడవకపోవడం లాంటి నిర్లక్ష్యాన్ని మీరే చూపించాలి. ఫిర్యాదుకి గడువు రెండేళ్లు. మీ నాన్నగారిది "దాదాపు రెండేళ్లు" అన్నారు, అందుకని డిశ్చార్జ్ సమ్మరీ తీసి తేదీ ఈరోజే చూడండి. గడువుంటే లాయర్‌ని కలవండి, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కైనా చేయండి. ఆస్పత్రికి కట్టింది 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు ఉండదు.

ఇన్ని చేశాక కూడా అమ్మ పడితే చంకల్లో చేతులేసి లాగి లేపకండి. ముందు నర్సుని పిలవండి. ఒక కాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగిపోతే తుంటి విరిగిందని అనుమానించాలి. మోకాలి ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా మందులిస్తారు, అందుకని తలకి దెబ్బ తగిలితే మనిషి బాగానే ఉన్నా సీటీ స్కాన్ అవసరమేమో డ్యూటీ డాక్టర్‌ని అప్పటికప్పుడే అడగండి.

చివరగా, అడ్మిట్ అయిన సాయంత్రం కాలింగ్ బెల్ అమ్మ దిండు పక్కన పెట్టి, అమ్మ చేతే ఒకసారి నొక్కించండి. నర్సు ఎంతసేపటికి వస్తుందో గడియారం చూసుకోండి. రాత్రి పదకొండుకి మళ్లీ ఒకసారి నొక్కించండి, ఎందుకంటే రాత్రి డ్యూటీలో నర్సులు తక్కువ ఉంటారు, అలారాలు ఎన్నింటికి పెట్టుకోవాలో ఆ రెండో టైం చూశాక మీకే తెలుస్తుంది.