పాటల కోసం బ్యాటరీలు కొనే ముందు చూడవలసిన లెక్క

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో సొంత ఇల్లు. నా వయసు 63. ఉద్యోగ విరమణ చేశాను. వచ్చే నెల ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరి రూ.1,60,000 చేతికి వస్తుంది. రికార్డ్ ప్లేయర్, యాంప్లిఫయర్, స్పీకర్లతో రోజూ నాలుగు గంటలు సంగీతం వింటాను. స్పీకర్లలో ఎప్పుడూ గుయ్‌మని మోత వస్తోంది. రెండు లిథియం బ్యాటరీలు, ఛార్జర్, ఇన్వర్టర్ పెట్టుకుంటే మోత పోతుందని, కరెంటు బిల్లు కూడా తగ్గుతుందని దుకాణదారు అంటున్నారు. ఆ డబ్బంతా దీనికే సరిపోతుంది. కొనవచ్చా?

జవాబు: బిల్లు తగ్గుతుందన్న మాటను ముందు తేల్చుకుందాం. మీరు జతచేసిన ఏపీఈపీడీసీఎల్ బిల్లు ప్రకారం మీ నెల వాడకం 260 యూనిట్లు. అంటే చివరి యూనిట్లకు రూ.8.75 చొప్పున పడుతోంది. ఆడియో పరికరాలన్నీ కలిపి 80 వాట్లు తీసుకుంటాయని రాశారు. నాలుగు గంటలకు అది 0.32 యూనిట్, నెలకు పది యూనిట్లకు కాస్త తక్కువ. ఆ పై ధరకే లెక్క కట్టినా నెలకు రూ.84, ఏడాదికి దాదాపు వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కూడా మిగలదు, ఎందుకంటే బ్యాటరీని ఛార్జ్ చేయవలసింది అదే కరెంటుతో. ఛార్జర్‌లోను, బ్యాటరీలోను, ఇన్వర్టర్‌లోను కొంత కొంత వేడిగా పోగా, యాంప్లిఫయర్‌కు ఒక యూనిట్ అందాలంటే గోడ సాకెట్ నుంచి సుమారు 1.2 యూనిట్లు తీసుకోవాలి. బిల్లు ఏడాదికి ఓ రెండు వందలు పెరుగుతుంది.

ఇదే రూ.1,60,000ను సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే, ఇటీవలి త్రైమాసికాల్లో అమలవుతున్న 8.2 శాతం రేటు చొప్పున ఏడాదికి రూ.13,120, అంటే మూడు నెలలకొకసారి రూ.3,280 మీ ఖాతాలో పడుతుంది. ఖాతా తెరిచిన రోజున్న రేటే ఐదేళ్లూ కొనసాగుతుంది. పింఛనుపై బతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. బ్యాటరీల అసలు ఖరీదులో ఈ వదులుకునే వడ్డీని కూడా కలుపుకోవాలి. దుకాణంలో ఇచ్చే కొటేషన్‌లో అది కనబడదు.

ఇక మోత సంగతి. సంగీతంపై ఖర్చు పెట్టడం దుబారా అని నేననను. ఆ ఖర్చుతో మోత పోతుందా లేదా అన్నదే ప్రశ్న. మీ యాంప్లిఫయర్ 230 వోల్టులతో నడిచేది. దానికి బ్యాటరీని నేరుగా కలపడం కుదరదు. బ్యాటరీ ఇచ్చేది డీసీ కరెంటు, ఇన్వర్టర్ దాన్ని మళ్లీ గోడ సాకెట్‌లో వచ్చే ఏసీగా మార్చి ఇవ్వాలి. గోడ కరెంటులా నున్నని అలనిచ్చే ప్యూర్ సైన్‌వేవ్ రకమైనా అందులోని స్విచింగ్ సర్క్యూట్లు తమ వంతు రొదను కలిపే అవకాశం ఉంది. పైగా రికార్డ్ ప్లేయర్ ఉన్న ఇళ్లలో ఇలాంటి మోతకు చాలాసార్లు కారణం కరెంటు లైన్ కానే కాదు. ప్లేయర్ వెనుక నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగ యాంప్లిఫయర్‌పై జీఎన్‌డీ (GND, అంటే గ్రౌండ్) అని రాసి ఉన్న మర (స్క్రూ) కింద బిగుతుగా ఉందో లేదో చూడండి. సముద్రపు గాలికి ఆ మర చిలుము పట్టి ఉంటే, విప్పి, సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, మళ్లీ బిగించండి. తర్వాత టీవీ సెట్‌టాప్ బాక్స్ యాంప్లిఫయర్‌కు కలిపి ఉంటే, దాని కేబుల్‌ను ఒకసారి ఊడదీసి వినండి. మోత ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారులు కలిసి చుట్టుగా ఏర్పడి మోత పుట్టించడం. దానికి ఆ దారిని విడదీసే ఐసొలేటర్ అనే చిన్న పరికరం సరిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించండి. అది రెండు మూడు వోల్టులు దాటితే ఎర్తింగ్‌ను అనుమానించాలి. తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఎర్త్ గుంతలోని కనెక్షన్లు తుప్పు పట్టడం మామూలే. ఆ మరమ్మతు సంగీతం కోసం కాకపోయినా, ఇంట్లో మనుషుల భద్రత కోసం చేయించవలసిందే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి చీకట్లో గడిపిన అనుభవం విశాఖ వాసులెవరూ మరచిపోలేదు కాబట్టి, కరెంటు పోయినప్పటి భరోసా కోసం బ్యాటరీ కావాలంటే అర్థం చేసుకోగలను. అయితే అది లైట్లకు, ఫ్యాన్లకు పెట్టుకునే మామూలు ఇన్వర్టర్ పని, దాని ఖర్చు కూడా ఇంటి ఖర్చుల పద్దులోకే వెళ్లాలి. బిల్లు తగ్గించడమే ధ్యేయమైతే డాబాపై రెండు కిలోవాట్ల సౌర ఫలకాలు ఆలోచించదగినవి. పీఎం సూర్య ఘర్ పథకంలో దానికి రూ.60,000 రాయితీ ఉంది, నెలకు రమారమి 240 యూనిట్లు వస్తాయి. కాని బ్యాటరీ లేని ఆ ఏర్పాటు, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది.

నా సలహా ఇది. డిపాజిట్ సొమ్ములో రూ.1,50,000 సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో వేసి, మిగిలిన పదివేలు పైన చెప్పిన తనిఖీలకు, మరమ్మతులకు ఉంచండి. అవన్నీ అయ్యాక కూడా బ్యాటరీతో వినాలన్న కోరిక తీరకపోతే, ఇన్వర్టర్ అవసరం లేకుండా 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే ఫోనో ప్రీయాంప్ (రికార్డ్ ప్లేయర్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచి యాంప్లిఫయర్‌కు అందించే చిన్న పెట్టె) ఒక్కదానికి చిన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొనుక్కోండి. దాని ఖర్చు ఆ పదివేలలోనే ఇమడాలి. 12 వోల్టులని చెప్పే ఆ బ్యాటరీ ఛార్జింగ్ చివరి దశలో 14.6 వోల్టుల దాకా వెళుతుంది కనుక, మీ ప్రీయాంప్ అంత తట్టుకుంటుందో లేదో కంపెనీ పుస్తకంలో చూసుకోండి, తట్టుకోదంటే మధ్యలో వోల్టేజీని 12 దగ్గరే నిలిపే రెగ్యులేటర్ పెట్టించండి. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ దగ్గరే ఫ్యూజ్ ఉండాలి. వింటున్నంతసేపూ ఛార్జర్ ప్లగ్ తీసి ఉంచాలి. లేకుంటే మళ్లీ కరెంటు లైన్‌కు కలిపినట్టే.