ఫిట్‌నెస్ గేమ్ చేస్తారా? ముందు ఆ ర్యాంకుల పట్టిక తీసేయండి

ప్రశ్న: స్మార్ట్‌వాచ్ డేటాతో వ్యాయామాన్ని సరదాగా మార్చే మొబైల్ గేమ్ చేయాలనుకుంటున్నాను. గేమ్‌లు, యాప్‌లు తయారుచేసే టూల్స్‌లో యూనిటీ మేలా, ఫ్లట్టర్ మేలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీకు ఏది వస్తే అది వాడండి, దాంతో పెద్ద తేడా రాదు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆటలో మనుషుల్ని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతారా, అందరి చేతా కలిపి ఒక పని చేయిస్తారా? అడుగులు లెక్కపెట్టి ర్యాంకులిచ్చే యాప్‌లు ఇప్పటికే కుప్పలున్నాయి. ఇంకోటి చేయకండి, దండం పెడతాను.

కర్నూలులో మా కాలనీవాళ్లు అలాంటి పోటీయే పెట్టారు. నెలలో ఎవరు ఎక్కువ నడిస్తే వాళ్లకి ప్రెషర్ కుక్కర్. సాఫ్ట్‌వేర్ పిల్లోడివి కదా అని లెక్కలు చూసే పని నాకు అంటగట్టారు. (మన ఊళ్లలో సాఫ్ట్‌వేర్ అంటే ఇంతే. ప్రింటర్ కదలకపోయినా, టీవీ రిమోట్ పని చేయకపోయినా మనకే ఫోన్.) రెండో వారం తిరగకముందే మా చిన్నమ్మ పేరు అందరికంటే పైకెక్కి కూర్చుంది. రోజూ తెల్లవారుజామున అవుట్‌డోర్ స్టేడియంలో చుట్లు కొట్టే రిటైర్డ్ హెడ్మాస్టరుగారికి ఒళ్లు మండింది. 'ఇల్లు కదలని మనిషికి ఇన్ని అడుగులు ఎట్లా వస్తాయప్పా' అని నన్ను నిలదీశారు. సరే, వెళ్లి చూశాను.

చిన్నమ్మ సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. పొయ్యి ముందు పీట మీద కూర్చుని, పిండి ముద్దను పలక మీద పెట్టి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో తట్టుతోంది. కొడుకు కొనిచ్చిన వాచీ ఆ తట్టే చేతికే ఉంది, అద్దం నిండా పిండి. పక్కనే ఉన్న ఫోన్లో అంకె ఎక్కుతూనే ఉంది. వాచీ మన కాళ్లను చూడదు కదా. లోపల కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్‌కి మణికట్టు ఒక లయలో ఊగితే చాలు, అడుగు పడిందనుకుంటుంది. విషయం చెబితే ఆమె రొట్టె ఆపకుండానే, 'తినేటప్పుడు ఎవురూ లెక్క అడగల్యా. ఇప్పుడు అడుగుతాండారా?' అంది. నా దగ్గర జవాబు లేదు.

నాడి చూస్తే సరిపోతుంది కదా అంటారు. అది కూడా చూశాను. పొయ్యి సెగకు ఆమె గుండె వేగం బాగానే పెరిగింది, హెడ్మాస్టరుగారి నడకతో సమానంగా. వేడికి గుండె ఎక్కువ కొట్టుకోవడం మామూలే. మే నెలలో మన ఊళ్లో 42 డిగ్రీల ఎండలో బస్సు కోసం నిలబడ్డా వాచీ 'శభాష్' అంటుంది. పైగా పట్టీ వదులైతే, వాచీ అడుగున వెలిగే ఆ పచ్చ లైటు నాడిని వదిలేసి చెయ్యి ఊగే లయనే నాడి అనుకుంటుంది. అందుకే ఎవరి స్కోరు వాళ్ల మొన్నటి స్కోరుతోనే పోల్చండి. చిన్నమ్మను హెడ్మాస్టరుతో పోల్చే హక్కు ఏ వాచీకీ లేదు.

ఇక ఆ పదివేల అడుగుల లక్ష్యం. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పెడోమీటర్ అమ్ముకోవడానికి పెట్టిన అంకె అది. మన వాళ్లేమో రాత్రి పదకొండింటికి మంచం చుట్టూ తిరిగి మరీ దాన్ని పూర్తి చేస్తారు! కొత్త బొమ్మల సరదా కూడా ఎక్కువ రోజులుండదు. బయట తిరుగుతూ ఆడే ఫోన్ గేమ్ పోకెమాన్ గో ఆడినవాళ్ల మీద 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి వారం రోజుకు సుమారు 955 అడుగులు పెరిగాయి, ఆరో వారానికి ఆ తేడా పోయింది. గ్రాఫిక్స్‌కి డబ్బు పోసేముందు ఇది గుర్తుంచుకోండి.

అందుకే నేను ఇంటివాళ్ల కోసం చేసుకున్న ఆటలో ర్యాంకులే లేవు. అందులో ఉన్నది మన కేసీ కెనాలే, అదే కర్నూలు-కడప కాలువ. సుంకేసుల బ్యారేజీ దగ్గర గేటు ఎత్తుతాం, నీళ్లు కడప చేరాలి. మూడు వందల కిలోమీటర్ల పైమాట. ఎవరు కాస్త కదిలినా నీళ్లు కాస్త ముందుకు పోతాయి. చిన్నమ్మ రొట్టెలకూ వాటా ఉంది. కడపలో ఉన్న మా బావ మాత్రం 'చివరి ఆయకట్టుకి ఆటలో కూడా నీళ్లు రావా' అని రోజూ మెసేజ్ పెడతాడు. ఆ తిట్లు పడలేకే మావాళ్లు సాయంత్రం లేచి నడుస్తున్నారు. ఏ బ్యాడ్జీ వల్లా ఇది జరగదు, రాసిస్తాను.

టెక్నికల్‌గా రెండు ముక్కలు. వాచీ, ఫోను రాసిన ఆరోగ్య డేటాను మీ యాప్‌కి అందించడానికి ఆండ్రాయిడ్‌లో హెల్త్ కనెక్ట్, ఐఫోన్‌లో హెల్త్‌కిట్ ఉన్నాయి, అవే తీసుకోండి. పాత ట్యుటోరియల్స్ చూసి గూగుల్ ఫిట్ జోలికి వెళ్లకండి, 2024 మే నుంచి దాని ఏపీఐలకు (డేటా తీసుకునే దారులకు) కొత్త డెవలపర్లను తీసుకోవడం లేదు. ఫోనూ వాచీ రెండూ అడుగులు రాస్తాయి కాబట్టి విడి రికార్డులు మీరే కూడితే లెక్క రెట్టింపవుతుంది. మొత్తం కావాలంటే అగ్రిగేట్, అంటే వాటినే కూడి ఇచ్చే లెక్క, అడగండి. చేత్తో టైప్ చేసిన రికార్డులకు అలా చేసినవని గుర్తు ఉంటుంది, వాటిని వడకట్టండి. అన్నిటికంటే విసుగు తెప్పించేవి చవక వాచీలు. చాలావాటి యాప్‌లు డేటాను బయటికి ఇవ్వనే ఇవ్వవు. మనవాళ్ల చేతులకు ఉండేవి ఎక్కువగా అవే.

స్ట్రీక్, అంటే తప్పకుండా ఆడిన రోజుల వరస లెక్క, దాన్ని దగ్గరికి రానీయకండి. జ్వరమొచ్చి మూడు రోజులు పడుకుంటే సున్నా చేసి ఏడ్చే బొమ్మ చూపించడం ఏం మర్యాద? అలాగే నోటిఫికేషన్ మన మాటలో ఉండాలి. 'ఏమప్పా, ఇంగా పండుకునే ఉండావా' అని వస్తే మా మామ నవ్వుకుంటూ లేస్తాడు. ఇంగ్లీషులో లేచి నిలబడమంటే ఫోన్ బోర్లా పెడతాడు.

చివరగా ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా బయట నడిస్తే మా ఆటలో చుక్క నీరు కదలదు. ఈ రూల్ పెట్టిన వారంలోనే ఒకాయన మిట్టమధ్యాహ్నం నడిచొచ్చి, యాప్ పాడైందని ఫోన్ చేశాడు. ముందు మజ్జిగ తాగి నీడన కూర్చో మామా, ఆ రూల్ తీసే ప్రసక్తే లేదని చెప్పాను.